నడిచేటోళ్ళ కాళ్ళు

ఎల్లారెడ్డిలో సత్తెమ్మ ఇంటి పొయ్యి మీదికి పొద్దున్నే పెద్ద గంజు ఎక్కేది. అందులో ఉడికేది బియ్యం కాదు, బట్టలు. పాత ధోవతులు, నలిగి మెత్తబడ్డ చీరలు, వాడకట్టులో ఎవరు ఏది ఇస్తే అది. తండా నుంచి సోమ్లి కట్టెలమోపు తెచ్చి వాకిట్లో దించేది. బట్టలు ఉడికినంక సత్తెమ్మ వాటిని కర్రతో లేపి, దండెం మీద ఆరేసి దవాఖానకు పోయేది. పుండ్లు కడగడం, కట్లు కట్టడం అక్కడ ఆమె పని. ఎండ తల మీదికి వచ్చే వేళకు తిరిగొచ్చి, ఆరిన బట్టను నాలుగు వేళ్ళ వెడల్పున పొడుగ్గా చించేది.

అప్పటికి వాడకట్టు ఆడవాళ్ళు అరుగు మీద చేరేవారు. అందరివీ బీడీలు చుట్టే చేతులే. ఆకుల చేట పక్కకు జరిపి, చీనాకు పంపే కట్ల కోసం కాసేపు బట్ట చుట్టేవారు. అలవాటు చొప్పున బీడీ చుట్టినట్టే బిగించి, కొస మడిచి, దారం కట్టేవారు.

"గింత సన్నగ చుడితె చీనోళ్ళు బీడీలనుకొని ముట్టిస్తరే," అనేది సోమ్లి.

"ముట్టియ్యనీ. గా పొగతోనన్న నొప్పి మరుస్తరు," అనేది ఇంకొకామె.

పొద్దు పడమటికి ఒరగగానే నవ్వులు ఆగిపోయేవి. నడిచేటోళ్ళు వచ్చే వేళ అది.

ముందు దుమ్ము లేచేది. గాలి లేదు, బండి లేదు, బాట మీద మోకాలెత్తు దుమ్ము లేచి కామారెడ్డి దిక్కుకు కదిలేది. దాని వెంట కాళ్ళ చప్పుడు. అన్నీ ఉత్తకాళ్ళే. కుంటేవి కొన్ని, ఈడ్చేవి కొన్ని, వాటి మధ్య గబగబా పడే పిల్లల కాళ్ళు. దగ్గులు వినిపించేవి. ఏడుపు వినిపించేది కాదు, ఏడ్చే ఓపిక దాటిపోయినవాళ్ళు. మనుషులు మాత్రం కనిపించేవారు కాదు. కుక్కలు తోకలు ముడిచి గోడలకు ఒదిగేవి. ఎదురొచ్చిన బండ్లవాళ్ళు ఎడ్లను పక్కకు తోలి, ఆ జనమంతా పోయేదాకా తలకు చుట్టిన రుమాలు తీసి చేతిలో పట్టుకునేవారు. ఆడవాళ్ళు బాట పక్కన కుండలతో నీళ్ళు పెడితే, చూస్తుండగానే నీళ్ళు అడుక్కు దిగేవి. ఎండాకాలం వడగాలి వస్తుంది, వానకాలం ముసురు పడుతుంది, ఆ ఏడు నడిచేటోళ్ళు వచ్చారు. ఊరు అంతకు మించి అనుకోలేదు.

అది పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరం. చీనా దేశం మీద జపాను సైన్యం పడింది. ఆకాశం నుంచి ఊళ్ళ మీద బాంబులు వేస్తున్నారనీ, లక్షలమంది ఇండ్లు విడిచి కాందిశీకులై నడుస్తున్నారనీ దవాఖానకు వచ్చే ఉర్దూ పత్రికలో రాశారు. యుద్ధం పెట్టేవాడు ఎప్పుడూ కుర్చీలోనే కూర్చుంటాడు. కాళ్ళు పగిలేది గంజికి లేనివాళ్ళవి. బొంబాయిలో కొందరు డాక్టర్లు జట్టుకట్టి, మందులతో ఓడెక్కి అక్కడికి పోదామనుకున్నారు. ఆ జట్టులో ఒక డాక్టరమ్మ రైలు లైను పొడుగునా దిగుతూ, మనుషులనూ సామాన్లనూ పోగు చేస్తూ కామారెడ్డిలో మకాం పెట్టింది. కట్లు కట్టడం వచ్చినవాళ్ళు కావాలని చెప్పి పంపింది. సత్తెమ్మ పోయి, "నేనొస్త" అని చెప్పి వచ్చింది. ఆ మరునాటి నుంచే ఎల్లారెడ్డి బాట మీద నడిచేటోళ్ళు మొదలయ్యారు.

ఆ చప్పుడు వినబడగానే ఊళ్ళో ఒక్క తలుపు మూసుకునేది. సత్తెమ్మ అత్త సాలవ్వ లోపలికి పోయి గొళ్ళెం పెట్టుకునేది.

సాలవ్వ భయస్తురాలు కాదు. పొలం గట్టు మీద పాము కనబడితే పారతో కొట్టి, అదే పారతో నీళ్ళు మళ్ళించిన మనిషి. కానీ కాళ్ళ చప్పుడు ఆమెకు తెలుసు. మంజీర మీద పెద్ద కట్ట కట్టినప్పుడు ఆమె పుట్టిన ఊరు నీళ్ళకింద పోయింది. తల్లిని తెచ్చుకోవడానికి కొడుకును వెంటబెట్టుకుని పోయింది. ఊరు ఊరంతా మూటలు నెత్తిన పెట్టుకుని నడిచింది. దారిలో కలరా పట్టింది. ముందు తల్లి, తర్వాత కొడుకు. ఒక పల్లెలో ఆగి నీళ్ళ కోసం ఇల్లిల్లూ తట్టింది. రోగం మోసుకొచ్చారని ఒక్కరూ తలుపు తెరవలేదు. కొడుకు బాట పక్కనే పోయాడు. ఆ కొడుకు పెండ్లామే సత్తెమ్మ. ఆ తర్వాత ఆమె మిషను దవాఖానలో పని నేర్చుకుంటానంటే సాలవ్వ అడ్డం చెప్పలేదు. వాళ్ళిద్దరూ ఒకే పొయ్యి దగ్గర, ఎక్కువ మాటలు లేకుండా, ఒకరికొకరు ఆసరాగా బతుకుతూ వచ్చారు.

మొదటి మూట తయారయ్యాక సత్తెమ్మ దాన్ని మైసన్న ఎడ్లబండిలో కామారెడ్డికి తీసుకుపోయింది. డాక్టరమ్మ మూట విప్పి ఒక చుట్ట దారం తెంపింది. కొసకు పసుపు మరక. ఇంకొకటి విప్పింది. దానికీ పసుపే. అన్నిటికీ ఉంది.

"ఇదేమిటి?"

ఆ పల్లెల్లో కొత్త బట్ట ఏదైనా కొసకు పసుపు పెట్టకుండా ఒంటి మీద వేసుకోరు. ఉడికించి, చించి, కొత్తగా చేసిన బట్ట కాబట్టి ఆడవాళ్ళు ప్రతి చుట్టకూ పసుపు వేలు అద్దారు. కట్టుకోబోయేవాళ్ళకు మంచి జరగాలని. పెట్టమని ఎవరూ చెప్పలేదు. వద్దని చెప్పాలని సత్తెమ్మకు తోచలేదు.

"ఉడికిన బట్టకు మళ్ళీ చెయ్యి తగిలితే ఉడకనట్టే. పుండులోకి మనమే విషం ఎక్కించినట్టు. ఇవి ఓడెక్కవు," అన్నది డాక్టరమ్మ. ఆమె మాటలో తప్పు లేదు. "మళ్ళీ చేసి తీసుకురా. ఇంకొకటి. మీ ఇంటి పెద్ద నా ముందుకు వచ్చి, పంపుతున్నానని నోటితో చెప్పాలి. రేపు నీకేమన్నా అయితే మా పిల్లను ఎత్తుకుపోయారని అనకూడదు."

సత్తెమ్మ మూటతోనే తిరిగొచ్చింది. సాలవ్వ జొన్నరొట్టె కాలుస్తూ అంతా విన్నది.

"నేను రాను," అన్నది.

"అత్తమ్మా..."

"మన ఊర్ల పుండ్లు లేవానె? లింగంపేటల చీము కారే కాళ్ళు లేవా? గీ ఊర్లె సచ్చేటోళ్ళు నీ కండ్లకు ఆనరా? సముద్రం దాటాలె, చీనా పోవాలె!"

"ఉన్నరు. ఈడ నేను లేకుంటె దవాఖానకు ఇంకొకామె వస్తది. గా బాట మీద ఎవ్వలు లేరు."

"బాట పట్టినోళ్ళు తిరిగి రారు. నా కొడుకు రాలె."

సత్తెమ్మ తల దించుకుని చెప్పింది. "ఎందుకు రాలేదో నీకెరుకే గద. ఆనాడు ఒక్క తలుపు తెరుసుకుంటె వచ్చేటోడు."

సాలవ్వ చేతిలో రొట్టె మాడింది. ఆమె దాన్ని తీసి కుక్కకు వేసి, తనకు ఆకలి లేదని చెప్పి లేచిపోయింది.

వద్దన్న కట్లు ఏం చేయాలన్నది ఆ మరునాడే తేలింది. నడిచేటోళ్ళు వచ్చే వేళకు సోమ్లి మూట విప్పి అరుగు మీద పెట్టింది. "డాక్టరమ్మ వద్దన్నది. వీళ్ళు వద్దంటరా అడుగుదాం," అన్నది. సత్తెమ్మ బాట పక్కన బండ మీద వేడినీళ్ళ గిన్నెతో కూర్చున్నది. కాళ్ళ చప్పుడులోంచి ఒక కాలు విడివడి వచ్చి బండ మీద ఆగింది. కంటికి ఏమీ లేదు. చెయ్యి చాపితే కాలుతున్న చర్మం తగిలింది. నీళ్ళు పోస్తే ఎర్రగా జారాయి. సత్తెమ్మ కడిగి, మందు అద్ది, కట్టు చుట్టింది.

కట్టు కనిపించింది. తెల్లగా, కొసకు పసుపుతో, నేలకు జానెడు ఎత్తున గాలిలో నిలబడింది. తర్వాత కదిలింది. కుంటుకుంటూ దుమ్ములో కలిసింది. దాని వెనుక ఇంకో కాలు బండ మీదికి వచ్చింది.

రోజూ ఇదే పని అయింది. సాయంత్రం ఊరి బయట నిలబడి చూస్తే, మనుషులు లేని కట్లు వరుసలుగా బాట మీద నడిచిపోతూ కనిపించేవి. లింగంపేట దాటినంక కనబడవని బండ్లవాళ్ళు చెప్పేవారు.

"ఏ కులపోళ్ళ కాళ్ళో, ఏమో," అని నసిగింది ఒక ముసలామె.

"కాళ్ళే కనబడుత లేవు, కులం ఏడ కనబడతదవ్వా?" అన్నది సోమ్లి, గిన్నెలో నీళ్ళు మారుస్తూ.

సాలవ్వ తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఇక రెండు పొద్దులు గడిస్తే డాక్టరమ్మ కామారెడ్డి విడిచిపోతుందనగా, ఆ తలుపు చప్పుడైంది.

ఎవరో తడుతున్నారు. గట్టిగా కాదు. తలుపు కింది చెక్క మీద, నడుమెత్తు కూడా లేని చోట, చిన్న చేతితో. తట్టి ఆగి, మళ్ళీ తట్టి. తెరవరని తెలిసీ తట్టే చప్పుడు అది. సాలవ్వ లోపల చెవులు మూసుకుంది. చేతుల్లోంచి కూడా వినిపించింది. అట్లాగే తాను తట్టింది. ఇంటింటికీ, చివరికి చేతి ఎముకలు నొప్పి పుట్టేదాకా. మూసిన తలుపుకు ఇవతల కూర్చోవడం ఎట్లుంటుందో ఆమెకు ఆ పొద్దే తెలిసింది. లేచి గొళ్ళెం తీసింది.

గడప ముందు ఎవరూ లేరు. ఆమె చీర కుచ్చిళ్ళను మాత్రం ఎవరో పట్టుకుని గుంజారు, బాట దిక్కుకు.

సాలవ్వ వచ్చి, కోడలికి ఎదురుగా రెండో బండ మీద కూర్చున్నది. సోమ్లి గిన్నె తెచ్చి ముందు పెట్టింది. ఈసారి సోమ్లి కూడా ఎగతాళి చేయలేదు. ఒక కాలు వచ్చింది. సాలవ్వ కడిగింది. ఇంకోటి వచ్చింది. పిల్లవాడి పాదం, అరచేతిలో సగం. ముసలి కాలు, ఎండు కట్టె లాగా. అన్నీ ఆమె చేతుల్లో బరువుగా, నమ్మకంగా ఆగేవి.

తర్వాత వచ్చిన కాలు ఆమె చేయి తగలగానే వెనక్కి పోయింది.

నొప్పికి తీసుకున్నట్టు కాదు. ఉలిక్కిపడి, సిగ్గుపడి తీసుకున్నట్టు. పెద్దవాళ్ళ చేయి తమ కాలికి తగలకూడదని చిన్నవాళ్ళు చప్పున తీసుకుంటారే, అట్లా. సాలవ్వ చేయి గాలిలో ఆగిపోయింది. చీనా దేశపు మనిషికి తాను పెద్దదో చిన్నదో ఏం తెలుసు? అత్త చేతిలోంచి కాలు గుంజుకునేది కోడలు కాకపోతే ఇంకెవరు?

ఆమె తలెత్తి చూసింది. సత్తెమ్మ ఎదురు బండ మీద, రెండు కాళ్ళూ మడిచి కింద పెట్టుకుని, ఎవరికో కట్టు కడుతోంది. ఆ కాళ్ళకు ఇంకా ఏ గాయమూ లేదు.

నడిచేటోళ్ళు నిన్నటివాళ్ళో, ఇయ్యాల్టివాళ్ళో, రేపటివాళ్ళో ఊళ్ళో ఎవరూ అడగలేదు. సాలవ్వకు తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు. చేయి చాపి, వెనక్కి పోయిన కాలును వెతికి పట్టుకుంది. ఎడమ కాలు. మడమ నిలువునా చీలింది. లోపల చీము, ఎముక దాకా వేడి. ఇట్లాంటి మడమతో నడిచినవాళ్ళను ఆమె చూసింది. వాళ్ళు ఎక్కువ దూరం పోరు. ఒక చోట కూర్చుంటారు, మళ్ళీ లేవరు.

కడిగింది. చీము పిండింది. కాలు వణికింది గానీ ఈసారి వెనక్కి పోలేదు. కట్టు చుట్టింది. చుట్టి, రెండు చేతులతో ఆ కాలును పట్టుకుని వదలలేదు. పోనియ్యను, ఇక్కడే ఉంచుకుంటాను అని లోపల అనుకున్నది.

బాట మీద చప్పుడు ఆగిపోయింది.

ముందు దగ్గరివి, తర్వాత దూరానివి, ఊరి బయటి దాకా అన్ని కాళ్ళూ ఆగాయి. దుమ్ము మెల్లగా నేలకు దిగింది. కట్లు ఎక్కడివక్కడ గాలిలో నిలబడ్డాయి. ఎవరూ తోసుకోలేదు, ఎవరూ దాటిపోలేదు. అంత జనం ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"ఏందత్తమ్మా, ఎందుకాగిన్రు?" అన్నది సత్తెమ్మ.

ఆ జనమంతా ఎవరి కోసం ఆగారో, ఆ కాలు సాలవ్వ చేతుల్లోనే ఉంది. ఈ కాలు కదిలితేనే వాళ్ళు కదులుతారు. ఈ కాలు వెనుకే పిల్లలు నడుస్తున్నారు, ముసలివాళ్ళు నడుస్తున్నారు. ఆమె ఇక్కడ ఉంచుకుంటే వాళ్ళంతా ఆ బాట మీదనే నిలబడిపోతారు, తన కొడుకు నిలబడిపోయినట్టు.

చేతులు విడిచింది.

"నడువు బిడ్డా," అన్నది, ఎదురుగా ఉన్న కోడలికి వినబడనంత మెల్లగా.

దుమ్ము లేచింది.

ఆ సాయంత్రమే సాలవ్వ చెప్పులు కుట్టే ఏసయ్య ఇంటికి పోయింది.

"మా సత్తెమ్మకు చెప్పులు కుట్టాలె. మందం తోలు. ఎడమ మడమ కింద ఒక పొర ఎక్కువ వెయ్యి, మడమ చుట్టు గూడ తోలు లేపు. ఎల్లుండి పొద్దుగాల పోతున్నం."

ఏసయ్య నోరు తెరిచాడు. "ఆడోళ్ళకు చెప్పులా? గడి ముంగట నడిస్తె ఎవలు కుట్టిన్రని నన్ను కట్టేసి కొడ్తరవ్వా!"

ఆ ఊళ్ళో దొర గడి ముందు ఎవరూ చెప్పులతో నడవకూడదు. బండి ఎక్కినవాళ్ళయినా దిగి, చెప్పులు నెత్తిన పెట్టుకుని దాటాలి. పుట్టినప్పటి నుంచి అదే చూసిన జనం, నడిచే కాలికి తోలు అవసరమన్న మాటే మరిచారు. సాలవ్వ పూనుకోకుంటే సత్తెమ్మ చీనా దాకా ఉత్తకాళ్ళతోనే పోయేది. ఎవరూ తప్పనేవారు కాదు.

"కుట్టుడు నీ పని. తొడుగుడు మా పని," అన్నది సాలవ్వ. "కొట్టాలంటె నన్ను కొట్టమను."

"మడమకు గన్ని పొరలెందుకవ్వా? ఏనుగు తొక్కుతదా?"

"ఏనుగు కాదు. దూరం."

ఏసయ్య తాటాకు ముక్క తీసుకుని కొలతకు బయల్దేరాడు.

రెండో మూట చుట్టేటప్పుడు సాలవ్వ కర్ర పట్టుకుని అరుగు మీద కూర్చున్నది. "చెయ్యి కడుగు. మళ్ళ కడుగు. పసుపు మీ మొగనికి పుయ్యండి, బట్టకు పెడితె వేళ్ళు ఇరుగుతయి!" ఆడవాళ్ళు నవ్వుతూ కడుక్కున్నారు. సత్తెమ్మ అత్త దిక్కు చూసి, బట్ట చించింది.

బయల్దేరిన పొద్దున గడి దగ్గరికి రాగానే మైసన్న బండి ఆపాడు. అత్తాకోడళ్ళు దిగారు. సత్తెమ్మ అలవాటుగా వంగి చెప్పుల మీద చేయి వేసింది.

"ఇడువకు," అన్నది సాలవ్వ.

"అత్తమ్మా, చూస్తరు."

"చూడనీ. ఎవడన్న అడిగితె నేను చెప్త."

కొత్త తోలు కిర్రు కిర్రుమన్నది. గడి గేటు దగ్గరి జవాను తల తిప్పి చూశాడు. అతనికి ఆ చప్పుడు దొర కాళ్ళ దగ్గర తప్ప విన్న గుర్తు లేదు. ఏమనాలో తెలిసేలోపు వాళ్ళు దాటిపోయారు. మైసన్న మాత్రం చాలా దూరం పోయేదాకా వెనక్కి చూస్తూనే ఎడ్లను తోలాడు.

కామారెడ్డిలో డాక్టరమ్మ రెండో మూట విప్పి చూసి తల ఊపింది. తర్వాత సాలవ్వ దిక్కు తిరిగింది.

"అమ్మా, నువ్వు మనసారా పంపుతున్నావా?"

"మనసారా ఎవలు పంపుతరు బిడ్డా?" అన్నది సాలవ్వ. "పంపుతున్న. గంతే." కోడలి కాళ్ళ దిక్కు చూపింది. "ఒక్కటి విను. దీని కాళ్ళకెల్లి చెప్పులు ఇడువనియ్యకు. పెద్దోళ్ళ ముంగట ఇడుస్త అంటది. వద్దని చెప్పు."

డాక్టరమ్మ నవ్వబోయి, ఆ ముఖం చూసి నవ్వలేదు. "చెప్తాను," అన్నది.

రైలుబండి వచ్చింది. సత్తెమ్మ అత్త కాళ్ళకు మొక్కి ఎక్కింది. ఏమన్నా చెప్తుందని చూసింది. "ఉడికిన నీళ్ళు తాగు," అన్నది సాలవ్వ. రైలు పొగ కనుమరుగయ్యేదాకా నిలబడి, మైసన్న బండిలో తిరిగొచ్చింది.

మరునాడు పొద్దు ఒరిగే వేళకు ఆమె నీళ్ళు కాచుకుని బండ మీద కూర్చున్నది. సోమ్లి పక్కన కట్లు సర్దింది. తలుపు బార్లా తెరిచి ఉంది. దుమ్ము లేచింది. ఉత్తకాళ్ళు వచ్చాయి. సాలవ్వ కడుగుతూనే ఉంది. ప్రతి కాలునూ పట్టుకుని ఒక్క క్షణం చూసేది, వెనక్కి పోతుందా అని. ఏదీ పోలేదు. పడిపోయిందేమో. ఎక్కడో కూర్చుండిపోయిందేమో.

అప్పుడు దూరంగా, వందల ఉత్తకాళ్ళ నడుమ, ఒక్క తోలు చప్పుడు వినిపించింది.

కిర్రు. కిర్రు. కుంటడం లేదు. రెండు కాళ్ళ మీదా సమంగా, తొందరగా వస్తోంది. దాని వెంబడి పిల్లల కాళ్ళు అందుకోవడానికి ఉరుకుతున్నాయి. ఇంటి ముందుకు వచ్చింది. సాలవ్వ చేతులు తమంతట తామే ముందుకు చాచుకున్నాయి. ఆ చప్పుడు బండ దగ్గర ఆగలేదు. ఆగవలసిన పని దానికి లేదు. అట్లాగే దాటి, కామారెడ్డి దిక్కుకు పోయింది.

"అవ్వా," అన్నది సోమ్లి, గొంతు తగ్గించి. "పిలువనా?"

"పిలువకు," అన్నది సాలవ్వ. "దానికి పని ఉన్నది."

ఆ కిర్రు చప్పుడు వినబడినంత సేపూ విని, బండ మీద అప్పటికే వచ్చి ఆగి ఉన్న ఇంకెవరిదో కాలు దిక్కుకు ఆమె చేయి చాపింది.